పెత్రమాసకు మార్గరీటా

రేణుకమ్మ నిజామాబాద్ బస్టాండు దగ్గర వైన్స్ దుకాణం ముందు మగవాళ్ళ లైన్లో నిలబడిందని, ఇనుప జాలీలోకి చెయ్యి పెట్టి రెండు సీసాలు అందుకుందని, వాటిని కొంగు చాటున కూడా పెట్టుకోకుండా కూరగాయల సంచిలో వేసుకొని బోధన్ బస్సెక్కిందని ఈరవ్వ చెప్పిందట. ఈరవ్వ కూడా కళ్ళారా చూడలేదు. ఆమె చెల్లెలి బిడ్డ చూసిందట. ఆ మాట రాత్రికి వాడకట్టులో నాలుగిళ్ళు తిరిగింది. తెల్లారేసరికి రెండు సీసాలు నాలుగయ్యాయి. పొద్దున ఏడు గంటలకు నర్సింలు హోటల్లో రేణుకమ్మ పెనిమిటి భోజన్న చాయ్ గ్లాసు దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇయ్యాల పెత్రమాస గదా భోజన్నా, పోయిన పెద్దలకు సాక పొయ్యనీకె తెచ్చిందేమో తియ్యి," అన్నాడు నర్సింలు, కెటిల్ దించుతూ. "గని నాలుగు సీసాలంటే అది సాకనా, తానమా?"

బెంచీ మీద ఉన్న ఇద్దరు నవ్వారు. భోజన్నకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. చాయ్ తాగాడు. వేడి నీళ్ళలా గొంతు దిగింది.

పద్నాలుగు నెలలుగా అంతే. అన్నం, పులుసు, చాయ్, ఏది నోట్లో పెట్టినా ఒకటే. ఈ సంగతి ఎవరికైనా చెబితే నమ్మరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పాన్‌మన్‌గా చేసిన మనిషి. చెరుకు రసం పాకమై, పాకం పలుకు కట్టే పెద్ద కడాయి దగ్గర నిలబడి, ఒక చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూసి "దించుండ్రి" అంటే దించేవాళ్ళు. సూటు వేసుకున్న సారు చేతిలో గాజు పలక ఉన్నా, కళ్ళు మాత్రం భోజన్న వేళ్ళ మీదే ఉండేవి. ఫ్యాక్టరీ మూతపడి పదేళ్ళయింది. వేళ్ళు మిగిలాయి. నిరుటి నుంచి నాలుకే లేదు.

నిరుడు కొడుకు పోయాడు.

సాయికుమార్ హోటల్ చదువు చదివి పూణేలో ఉద్యోగానికి కుదిరినప్పుడు, "మావోడు హోటల్ల మేనేజర్" అని భోజన్న చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. రెండేళ్ళ కిందట ఒక పెళ్ళి బంతిలో పక్క ఆకు ముందు కూర్చున్నవాడు, "మీవోన్ని పూణేల సూసిన భోజన్నా. బార్ల నిలవడి మందు కలిపి పోస్తుండు. మంచిగ పోస్తుండు," అన్నాడు. భోజన్న సగం అన్నంలోనే చెయ్యి కడుక్కొని, బయటికొచ్చి ఫోన్ చేశాడు. "మంది తాగిన గిలాసలు కడిగే కొడుకు నాకు లేడు" అన్నది ఆయన కొడుకుతో అన్న ఆఖరి మాట. తర్వాత పది నెలలు వాడు ఏవేవో పంపుతూనే ఉన్నాడు. ఫోన్లో వాడి పేరు పక్కన పచ్చటి చుక్కలో అంకె ఒకటి, మూడు, ఏడు అని పెరిగింది. భోజన్న ఒక్కటీ తెరవలేదు. తర్వాత డెంగ్యూ వచ్చింది. ఐదు రోజుల్లో అయిపోయింది.

కందకుర్తి దగ్గర గోదావరిలో బూడిద కలిపిన రోజు కూడా భోజన్న ఏడవలేదు. గుండె దిటవు చేసుకున్నాడని పదిమందీ మెచ్చుకున్నారు. దిటవు చేసుకోవడానికి అక్కడ ఏదైనా ఉంటే కదా.

ఇంటికి వచ్చేసరికి గుమ్మం దాకా కమలాపండు తొక్కల వాసన వచ్చిందని కూతురు సుకన్య అన్నది. ఆయనకు తెలియలేదు. సుకన్య పండగకని నిన్ననే నిజామాబాద్ అత్తగారింటి నుంచి వచ్చింది. వంటింటి గద్దె మీద రెండు సీసాలున్నాయి. ఒకటి సన్నటిది, తెల్లటిది. ఇంకోటి లావుది, మూతికి బంగారు కాగితం చుట్టినది. పక్కన నిమ్మకాయలు, ఉప్పు డబ్బా, చక్కెర డబ్బా, స్టీలు టిఫిన్ గిన్నె. రేణుకమ్మ పొయ్యి మీద చిన్న గిన్నెలో పాకం కలుపుతోంది.

"వైన్స్ కాడ లైన్ల నిలవడ్డవట," అన్నాడు భోజన్న.

"నిలవడ్డ."

"సిగ్గనిపియ్యలే?"

"ఎందుకనిపిస్తది? అందరు జరిగి ముంగటికి పొమ్మన్నరు. దుకాణమాయన 'అవ్వా, సాకకు క్వార్టర్ సాలదా?' అన్నడు. క్వార్టర్ కాదు బిడ్డా, టెకీలా కావాలె, ఇంకోటి నురగొచ్చే వైన్ కావాలె అన్న. నా మొకం సూసి, కుర్చేసి కూసోవెట్టిండు."

సుకన్యకు నవ్వు ఆగలేదు. తండ్రి ముఖం చూసి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవనికి గిదంతా?"

"నా కొడుక్కి."

"వానికి మందు పెడ్తవా? ఇప్పటికే తాగి సచ్చిండంటున్నరు మంది. ఎరుకేనా నీకు?"

రేణుకమ్మ గరిటె ఆపలేదు. "డెంగ్యూతోని సచ్చిండు. వాడు ఒక్క గుటక మింగలే ఎన్నడు. రుచి సూసి ఉమ్మేస్తుండె. నువ్ చెప్పినవా మందికి ఈ సంగతి? మేనేజర్ అని మట్టుకు చెప్పినవ్."

"బాపూ, అవ్వా, పండుగ పూట..." అంటూ సుకన్య మధ్యకు వచ్చింది.

"నువ్ ఊకో బిడ్డా," అన్నాడు భోజన్న. "తాగనోనికి మందెందుకే మరి? మామిడికాయ పప్పు పెట్టు. పాయసం పెట్టు. వాడు తినేది పెట్టు."

అప్పుడు రేణుకమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆ ఇంట్లో పద్నాలుగు నెలలుగా అందరి కళ్ళూ పొడివే.

"అందరు పెద్దలకు వాళ్ళు తినేది, తాగేది పెడ్తరు. వాడు పెద్దోడు కాకముందే పోయె. వానికి తినేటందుకే తీరుబడి లేదు. వాడు చేసేది పెడ్త నేను. వాని చేతి పని. మీ నాయిన కాడ నాగలి కర్రు పెట్టి మొక్కుతవ్ గదా, గట్లనే."

భోజన్న వచ్చి వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాడు.

లోపల రేణుకమ్మ ఫోన్‌ను ఉప్పు డబ్బాకు ఆనించి వీడియో నొక్కింది. సాయికుమార్ గొంతు బయటికి వచ్చింది.

"నమస్తే. ఇయ్యాల ఇంట్ల చేసుకునే మార్గరీటా కాక్‌టెయిల్. మొదలు గిలాస అంచుకు నిమ్మకాయ రాయుండ్రి. అందరు ఉప్పు అద్దుతరు. మాది బోధన్ గదా, నేను సగం ఉప్పు, సగం శక్కర అద్దుత..."

భోజన్న మెట్టు అంచు పట్టుకున్నాడు. గొంతు అచ్చంగా వాడిదే. సన్నగా దగ్గి మాట మొదలుపెట్టే అలవాటు కూడా. ఆయన లోపల ఏదో కదలాలి. కదలలేదు. తలుపు బయట నిలబడి లోపల ఎవరో మాట్లాడుకుంటుంటే వింటున్నట్టు విన్నాడు.

"నారింజ సారా దొరకకపోతే ఫికర్ చెయ్యకుండ్రి. కమలాపండు తొక్క శక్కర పాకంల ఉడికిస్తె సాలు..."

పాకం ఉడుకుతున్న చప్పుడు వాకిట్లోకి వినబడుతోంది. మొదట గలగల. కాసేపటికి బుడగలు బరువై, బొటబొటమన్నాయి. భోజన్న తల ఎత్తాడు. ఇంకో రెండు క్షణాలు ఆగాడు. ఆగలేక లేచాడు. చెప్పులతోనే వంటింట్లోకి వచ్చి, రేణుకమ్మ చేతిలో గరిటె గుంజుకొని, ఒక చుక్క వేలి మీద వేసుకున్నాడు. బొటనవేలు ఆనించి విడదీశాడు.

"దించు, దించు! ఇంకింత సేపుంటె తీగ సాగుతది. సల్లారినంక గడ్డ కడ్తది," అని తనే పొయ్యి ఆర్పాడు.

ఫోన్లో కొడుకు అంటున్నాడు: "జిగురు రావాలె గని తీగ రావద్దు. గిట్ల రెండు వేళ్ళ నడుమ పెట్టి సూడుండ్రి. ఇది మా బాపు సూపెట్టిండు. బాపు శక్కర ఫ్యాక్టరీల పాన్‌మన్. నేను ఏ కాలేజీల నేర్వలే ఇది. మా సార్లు మిషన్ పెట్టి సూస్తరు, నేను వేళ్ళతోని సూస్త. ఒక్కపారి తప్పలే."

తెర మీద వాడి రెండు వేళ్ళు దగ్గరగా కనబడ్డాయి. పొడుగ్గా, కణుపులు కాస్త లావుగా. గద్దె దగ్గర నిలబడ్డ భోజన్న వేళ్ళూ అట్లాగే, ఇంకా పాకంతో అంటుకొనే ఉన్నాయి. సుకన్య ఒకసారి అవి చూసి, ఒకసారి ఇవి చూసి, ముఖం గోడకు తిప్పుకుంది.

భోజన్న ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు. తీపి తెలిసింది. తర్వాత తొక్క చేదు కూడా తెలిసింది.

కొడుకు చెబుతుంటే ముగ్గురూ చేశారు. నిమ్మరసం, టెకీలా, చల్లారిన పాకం, మంచు ముక్కలు స్టీలు గిన్నెలో పోసి, మూత బిగించి, రేణుకమ్మ రెండు చేతులతో గిలకొట్టింది. గాజులు గలగలలాడాయి. గాజు కప్పు అంచుకు సుకన్య ఉప్పూ చక్కెరా అద్దింది. లావు సీసా దగ్గర ఆడవాళ్ళిద్దరూ ఆగిపోయారు. "సీసను తిప్పుండ్రి, బిరడను కాదు. సప్పుడు కావద్దు," అన్నాడు సాయికుమార్. భోజన్న భుజం మీది తువ్వాలు కప్పి సీసా తిప్పాడు. చిన్నగా ఉస్సుమంది.

"ఇగ దీన్ని కలపొద్దు. పైనకెళ్ళి మెల్లగ పొయ్యాలె. నురగ సావొద్దు."

కొడుకు ఫొటో ముందు విస్తరిలో అన్నం, పప్పు, పాయసం ఉన్నాయి. పక్కన గాజు కప్పు. భోజన్న గొంతుక్కూర్చొని, పైనుంచి సన్నని ధారగా పోశాడు. నురగ లేచి, తెల్లటి అంచు దాకా వచ్చి, పొర్లకుండా ఆగింది. అరచేతిలోకి కొంచెం వంచుకొని, నేల మీద మూడుసార్లు సాక పోశాడు. మూడోసారి చేతి మీద పడ్డ చుక్కలు కప్పులోవి కావు.

తువ్వాలుతో ముఖం తుడుచుకొని అడిగాడు.

"వాడు నా పేరు చెప్పిండు. నేను సూపెట్టిన్నని చెప్పిండు. గీ వీడియో ఇన్నొద్దులు నాకెందుకు సూపెట్టలేదే?"

రేణుకమ్మ విస్తరి ముందు ఊదుబత్తి సరిచేస్తోంది. తల తిప్పలేదు.

"మొదలు నీకే పంపిండు. 'బాపు సూసిండా' అని సచ్చేదాంక నన్ను అడిగిండు."