యాంగ్డోల్ ఇంటి వంతు

"మా ఇంటికి మోకాళ్ళ నొప్పులవాళ్ళే ఎందుకొస్తున్నారు?"

కాలవ మీది రాతిపలక దాటబోతున్న నోర్ఫెల్‌కి అడ్డంగా నిలబడింది యాంగ్డోల్. మోచేతుల దాకా పిండి, ముక్కు చివర కోపం.

"ఎవరి వంతుకి ఎవరొస్తే వాళ్ళే," అన్నాడు నోర్ఫెల్, నీళ్ళకేసి చూస్తూ.

ఆ లదాఖీ ఊళ్ళో హోమ్‌స్టేకి వచ్చే అతిథులు ఇంటింటికీ వంతులవారీగా వెళ్తారు. ఈ ఏడాది బస్సు దగ్గర వాళ్ళని కలుసుకుని, వంతున్న ఇంటికి చేర్చే పని నోర్ఫెల్‌ది.

"మొన్న రిటైరైన జడ్జిగారు. అంతకుముందు పళ్ళసెట్టు ఎక్కడ పెట్టిందో మర్చిపోయే ఫ్రెంచి మామ్మ. నిన్న బస్సు దిగిందెవరు? ఇద్దరు కుర్ర పైలట్లు. వంతు నాది. వాళ్ళు సోనమ్ తాత ఇంట్లో ఎలా తేలారు?"

"తాతకి తోడుంటారని..."

"తాత గురకకి జడిసి డాబా మీద పడుకున్నారు పాపం! ఊరి సభలో చెప్పనా, నువ్వు వంతులు మారుస్తున్నావని?"

వంతు తప్పించినవాడి మాట ఆ ఊళ్ళో పొలానికి నీళ్ళు వదిలే దగ్గర కూడా చెల్లదు. పోనీ అసలు కారణం చెబుదామంటే, రెండేళ్ళుగా గొంతు దాటని మాట అది.

"పొరపాటైంది."

"పొరపాట్లన్నీ డెబ్భై ఏళ్ళు దాటినవేనా? ఈసారి నా వంతు నాకు రాకపోతే చూడు!"

వచ్చింది. ఆ వంతు వస్తూ వస్తూ పుణె నుంచి ఈశాన్‌ని తెచ్చింది. ఆరడుగుల మనిషి. నవ్వితే బుగ్గన సొట్ట. నోర్ఫెల్ ఆ సొట్టని ఒకసారి చూసి, ఇక చూడకూడదనుకుని, దారంతా అదే చూశాడు.

"ఆ ఇంట్లో ఎవరుంటారు బ్రో?"

"ఒక ముసలావిడ."

"అంతేనా?"

"మనవరాలుంది. కోపిష్టి."

"అయితే సరదాగా ఉంటుంది!" అన్నాడు ఈశాన్. నోర్ఫెల్ నడక వేగం పెంచాడు. ఆయాసానికైనా ఆ నవ్వు ఆగుతుందేమోనని.

ఆ సాయంత్రం దుమ్మణిగేంత వాన పడింది. నోర్ఫెల్‌కి అంతే చాలు. వాళ్ళ ఇంటి మట్టి పైకప్పు కారుతోందేమో చూడాలి కదా! తన ఇంటి కప్పు వదిలేసి, పరుగున యాంగ్డోల్ ఇంటికొచ్చాడు.

వంటింట్లో కిటికీ కింద, కొత్త తివాచీ మీద రాజాలా కూర్చున్నాడు ఈశాన్. ముందు చెక్కిన బల్ల, వెండి మూత కప్పు. ఒక గుటక తాగితే చాలు, యాంగ్డోల్ వెన్న టీ నింపేస్తోంది.

"ఇంకొంచెం తాగండి. చలిగా ఉందా? ఇంకో దిండు వేయనా?"

'దిండట!' అనుకుని నోర్ఫెల్ వెళ్ళి ఈశాన్ పక్కన చతికిలబడబోయాడు.

"అక్కడ కాదు. ఇటొచ్చి పిండి ఒత్తు," అంది యాంగ్డోల్, పొయ్యి వైపు చూపించి.

పొయ్యి పక్కన జపమాల తిప్పుతున్న ఆమె నానమ్మ, ఊరందరికీ అబీ, కాస్త జరిగి చోటిచ్చింది. అంచు విరిగిన కప్పులో టీ తనే పోసుకున్నాడు నోర్ఫెల్. రాత్రి పులుసులోకి పిండి ఉండల్ని బొటనవేలితో ఒత్తుతూ కూర్చున్నాడు. కిటికీ కింద నవ్వు వినిపించినప్పుడల్లా ఒక ఉండ చితికిపోతోంది.

"ఏంటవి, పిడకలా?" అంది యాంగ్డోల్.

"నేనూ ఒత్తనా?" ఈశాన్ లేవబోయాడు.

"అయ్యో, మీరు కదలకండి!"

వాన వెలిసింది. ఇంద్రధనుస్సు ఫొటో తీసుకుంటానని ఈశాన్ డాబా ఎక్కాడు. నోర్ఫెల్ ఆగలేకపోయాడు.

"జడ్జిగారిక్కూడా ఇన్నిసార్లు పోశావా టీ?"

"ఇంతకంటే ఎక్కువే."

"వెండి మూత?"

"మామ్మకీ పెట్టాను."

"నాకు మాత్రం విరిగిన కప్పు, పిండి పని, ఈ మూల!" చేతిలోని ఉండని పళ్ళెంలో పడేశాడు. "అవును, వంతులు కావాలనే మార్చాను. ఎవడో అక్కడ కూర్చుని నిన్ను చూస్తుంటే నావల్ల కావడంలేదు. నువ్వంటే నాకిష్టం. పో, సభలో చెప్పుకో!"

యాంగ్డోల్ చేతిలో గరిటె ఆగిపోయింది. మాట్లాడింది అబీ.

"ఒరే, ఆ కిటికీ కింద కూర్చున్నవాడు తెల్లారితే ఏం చేస్తాడు?"

"వెళ్ళిపోతాడు."

"మరి మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"అమ్మ, నాన్న, నేను..." నోర్ఫెల్ ఆగాడు. పుట్టినప్పటినుంచీ ఎరిగిన సంగతే. ఆ సొట్ట బుగ్గ అడ్డమొచ్చి కనబడలేదంతే. "ఇంటివాళ్ళు," అన్నాడు నెమ్మదిగా.

"పోయినేడు నుంచీ నిన్నిక్కడే కూర్చోబెడుతున్నాను," అంది యాంగ్డోల్, పొయ్యికంటే ఎర్రగా. "ఇంకెలా చెప్పమంటావు? మైకు తెప్పించనా?"

నోర్ఫెల్ నవ్వబోయాడు.

"నవ్వకు. వంతు వంతే. సభలో నువ్వే ఒప్పుకో. కారణంతో సహా."

ఒప్పుకున్నాడు. ఊరంతా కూర్చున్న చోట లేచి నిలబడి, "యాంగ్డోల్ ఇంటి వంతులు మార్చాను," అన్నాడు.

"ఎందుకూ?" అన్నాడు సభ పెద్ద సోనమ్ తాత.

"కుర్రాళ్ళెవరూ తనని చూడకూడదని."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. నోర్ఫెల్ తల్లి శాలువాలో ముఖం దాచుకుంది, ఆ సందులోంచే యాంగ్డోల్‌ని తృప్తిగా చూసుకుంటూ. తాత మాత్రం నవ్వలేదు.

"తప్పు తప్పే. ఇకమీదట వచ్చే కుర్రాళ్ళందరూ ఆ పిల్ల ఇంటికే, తప్పిన వంతులు తీరేదాకా. నువ్వే దగ్గరుండి దింపాలి."

మరుసటి వారం బస్సులోంచి ఒక కాలేజీ వాలీబాల్ జట్టు దిగింది. ఒకణ్ణి మించి ఒకడు. నోర్ఫెల్ ఒక్కొక్కడి బుగ్గనా సొట్టకోసం వెతికాడు. అయినా అందర్నీ తీసుకెళ్ళి, కిటికీ కింద వరసగా కూర్చోబెట్టాడు. వాళ్ళలో మరీ అందగాడెవడో చూసి, యాంగ్డోల్ చేతిలోంచి టీ కెటిల్ లాక్కుని తనే పోశాడు.

"ఇంకొంచెం తాగు తమ్ముడూ," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "పొద్దున్నే బస్సు కదా."