అడక్కుండా మార్చిన సెట్టింగ్

ఆమె తలుపు తోసిన తోపుకి మైక్రోస్కోప్ గదిలో కూర్చున్న అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"నా సెట్టింగ్ ఎవరు మార్చారు?"

"నేనే."

తడుముకోకుండా చెప్పేసరికి ఆమెకి ఒళ్లు మండింది.

ఆమె ఆ ల్యాబ్‌లో పరిశోధక విద్యార్థిని. అతను మైక్రోస్కోప్ ఆపరేటర్. పగలంతా చీకటి గదిలో ఉంటాడని అందరూ గుడ్లగూబ అంటారు. మొన్నటిదాకా ఆ గదిలోంచి ఇద్దరి నవ్వులూ కారిడార్ దాకా వినిపించేవి.

కణాలు ఇరుకు దారిలోంచి దూరేటప్పుడు, లోపల నలిగిన కేంద్రకం చుట్టూ ఉన్న పొర చిరుగుతుంది. చిరిగాక కణం ఏం చేస్తుందో కనిపెట్టడమే ఆమె పని. పావుగంటకో ఫోటో తియ్యమని రాసిచ్చింది. ఇతగాడు నిమిషానికొకటి తీశాడు. అంత లైటు పడి సగం కణాలు చచ్చాయి. ఆరు వారాలు కళ్లల్లో పెట్టుకుని పెంచినవి. సోమవారం ప్రొఫెసర్ మేడమ్‌కి ఏదో ఒకటి చూపించకపోతే ప్రాజెక్ట్ వేరేవాళ్లకి పోతుంది.

ఇదంతా అతని మొహం మీదే అని కడిగేసింది. అతను చెప్పబోయింది వినలేదు. బటన్లు నొక్కేవాళ్లు బటన్లు నొక్కితే చాలని కూడా అంది.

అతని మొహం మాడిపోయింది. హార్డ్‌డిస్క్ బల్ల మీద పెట్టి, తిట్టడం అయ్యాక ఒకసారి చూడమని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న, ఇంకో నాలుగు తప్పులు దొరక్కపోతాయా అని డిస్క్‌లో ఆ ఫోటోలన్నీ కలిపిన వీడియో పెట్టింది. బతికిన కణాల్లో ఒకటి ఇరుకులో దూరింది. పొర చిరిగి, గుర్తు కోసం కేంద్రకంలో పెట్టిన ఎరుపు రంగు కణమంతా పాకింది. చిరుగు దగ్గర మరమ్మతు ప్రోటీన్లు ఆకుపచ్చ చుక్కలా పోగయ్యాయి. ఏడో నిమిషానికి చిరుగు మూసుకుంది. ఎరుపు మెల్లగా లోపలికి తిరిగొచ్చింది.

పావుగంటకో ఫోటో అయితే ఇవేవీ దొరికేవి కావు. ఆ సంగతి అర్థమయ్యాక ఆమె కోపం రెట్టింపైంది.

వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"పావుగంటకొకటి చాలదని మీరు చెప్పబోయింది నిజమే. కానీ ఆ పొర చిరిగింది ఇరుకు వల్లా, మీ లైటు వల్లా? మేడమ్ అడిగితే ఏం చెప్పను?"

అతను కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "అది నాకు తట్టలేదు. అడిగితే మీరు ఒప్పుకోరనుకున్నాను."

"ఒప్పుకోను. పోట్లాడతాను. నా పని మీద పోట్లాడే హక్కు కూడా నాకు లేకుండా చేశారు."

తప్పు తనదేనన్నాడు. బటన్ల మాట తను అనకూడనిదని ఆమె ఒప్పుకుంది, గొంతు మాత్రం తగ్గించలేదు.

మిగిలిన కణాలతో మళ్లీ మొదలుపెట్టారు. ఫోటో నిమిషానికొకటే, లైటు మాత్రం బాగా తగ్గించారు; ఇరుకులో దూరిన కణాల్లో పొర మళ్లీ చిరిగి మూసుకుంది. ఇరుకులోకి పంపని కణాలకీ అదే లైటు వేసి చూశారు. వాటిలో ఒక్క పొరా చిరగలేదు. ప్రతి అంకె మీదా గొడవపడుతూనే ఆదివారానికి ముగించారు.

సోమవారం మేడమ్ మొదటి ప్రశ్నే లైటు గురించి. ఆమె జవాబు చెప్పి, ఫోటోల పద్ధతి ఎవరిదో కూడా అందరి ముందూ చెప్పింది. ప్రాజెక్ట్ ఆమెకే ఉండిపోయింది.

సాయంత్రం వాన. ఒకే గొడుగు కింద బస్‌స్టాప్‌కి నడుస్తుంటే ఆమె ఉన్నట్టుండి ఆగింది.

"మీరంటే నాకిష్టం. ఆ విషయంలో నా మీద నాకే చిరాగ్గా ఉంది."

"నాకు మూడు నెలల నుంచి," అన్నాడతను.

"మూడు నెలలా? మరి నోరు పడిపోయిందా నీకు?"

ఆమె ఇంటిదాకా అదే తగాదా. తలుపు తీసిన వాళ్లమ్మ అతన్ని ఎగాదిగా చూసింది.

"నాలుగు రోజులుగా ఇది అన్నం మానేసి తిడుతున్నది నిన్నేనా?"

"నన్నేనండి."

"లోపలికి రా బాబూ. తల తుడుచుకో," అంది. కూతురి వంక తిరిగి, "కంచాలు మూడు పెట్టు," అంది.