ఇరవై రెండేళ్లు, తార్నాక చౌరస్తా

మూడో శవానికీ పేరు లేదు.

పరీక్షల సీజన్ మొదలయ్యాక తార్నాక చుట్టుపక్కల ముగ్గురు కుర్రాళ్లు పోయారు. యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో డేటా ఎంట్రీ ఆపరేటర్ వేషంలో ఉన్న ఏజెంట్ కరుణాకర్ గ్రాఫ్ చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆసుపత్రుల ఎమర్జెన్సీ కేసులు రోజూ అందులోకి వస్తాయి. మామూలు కంటే పెరిగితే ఎర్రగీత దాటాలి. దాటలేదు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ కమలాదేవి. "విదేశీ ముఠా మాత్రలు క్యాంపస్‌లో దిగాయి. ఎవరి చేతికి? పదింటిలోపు తేల్చు."

"డేటా ఏం చెప్తలేదు మేడం."

చెల్లెలు నవతకు ఇవాళ పదింటికే పరీక్ష. ఆ భయం చీఫ్‌కు చెప్పుకునేది కాదు.

ముఠా వదిలి మనవైపు దూకిన అందగత్తె దివ్య, పక్క సీట్లో కాఫీ చప్పరిస్తూ నవ్వింది. "గ్రాఫ్ నార్మల్‌గానే ఉంది కదా, ఎందుకంత టెన్షన్?"

డేటాలో రిపీట్లు ఏరేసేది ఆవిడే. కరుణాకర్ తీసేసిన ఎంట్రీలు తెరిచాడు.

పేరు తెలియదు, వయసు ఇరవై రెండు, తార్నాక చౌరస్తా, ఫుడ్ పాయిజన్. గ్రాఫ్‌లో మిగిలినదాంతో కలిపి అదే ఎంట్రీ పదకొండుసార్లు! పడిపోయినవాళ్లను ఆసుపత్రికి తెచ్చిన దోస్తులంతా పోలీసులకు జడిసి ఒకే అబద్ధం రాయించారు. ఒకే మనిషిని మళ్లీమళ్లీ ఎక్కించారన్న సాకుతో దివ్య ఒక్కటి ఉంచి మిగతా పదీ కొట్టేసింది. వాటిని తిరిగి పెట్టగానే గ్రాఫ్ ఎర్రగీత దాటింది. అన్నీ పరీక్ష రోజులే, అన్నీ పొద్దున పది తర్వాతే.

కంచే చేను మేసింది. కరుణాకర్ జేబులోంచి పెన్ను తీసి ఆమె మెడకు ఆనించాడు. అది రాసే పెన్ను కాదని దివ్యకు తెలుసు.

"ఎంతమందికి ఇచ్చిన్రు?"

"ఆరొందలు. నిద్ర ముంచుకురాదు, బుర్ర చురుగ్గా ఉంటుందని చెప్పి ఫ్రీగా పంచాం. హాల్లోకెళ్లే ముందు వేసుకుంటారు. ఇప్పుడు నువ్వు గొంతు చించుకున్నా ఎవరూ నమ్మరు."

తొమ్మిదీ నలభై ఒకటి. నవత ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాడు, ఎత్తలేదు. మాత్ర ప్రమాదమంటే పరీక్ష ముందు ఏ పిల్లా వినదు. మరి ఏ మాట క్షణంలో నమ్ముతారు?

స్టూడెంట్ గ్రూపులన్నిట్లోకీ ఒకే ముక్క వదిలాడు: ఎగ్జామ్ పోస్ట్‌పోన్.

నలభై నాలుగు. బయట ఈలలు, కేకలు. ఫోన్ మోగింది.

"అన్నా! ఎగ్జామ్ లేదంట! గోలీ చేతుల పట్టుకొని నీళ్ల బాటిల్ తీసిన, అంతల మెసేజ్ వచ్చింది."

కరుణాకర్‌కు ఏడుపు తన్నుకొచ్చింది. "పారెయ్ తల్లీ. చేతులు కడుక్కో."

సాయంత్రానికి మాత్రలన్నీ చిక్కాయి, దివ్య పోలీసు జీపెక్కింది.

మర్నాడు ఆ పుకారు పుట్టించినవాణ్ణి పట్టుకోవడానికి యూనివర్సిటీ కమిటీ వేసింది. నిందితుడి వివరాలు ఎక్కించే పని డేటా ఎంట్రీ కరుణాకర్‌కే తగిలింది.

అతను టకటకా కొట్టాడు: పేరు తెలియదు, వయసు ఇరవై రెండు, తార్నాక చౌరస్తా.