ఓడిపోలేని కోవార్

టోర్నమెంట్ పోకర్‌లో నేర్పుకు న్యాయం జరగదు. ఇది వాదించాల్సిన విషయం కాదు. బాగా ఆడినవాడు లేచి వెళ్తాడు. చెత్త ఆడినవాడు కూర్చుని పందెం చిప్స్ పేర్చుకుంటాడు. ఏజెంట్ హార్లన్ ప్రూయిట్‌కు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. అయినా డిపార్ట్‌మెంట్ అతన్నే లాస్ వేగాస్ పంపింది.

బ్రీఫింగ్ కాసినో వెనక, లాండ్రీ వ్యాన్‌లో జరిగింది.

"కోవార్ అవతలి దేశం ఎంబసీ మనిషి. వాడి ఒంటి మీద చెయ్యి వెయ్యలేం," అన్నాడు చీఫ్ బోయిడ్. "మన సబ్‌మెరీన్ ఎక్కడుందో చెప్పే ఫిల్మ్ వాడి బౌంటీ బిళ్ళకి అంటించి ఉంది. అది చేతులు మారితే సబ్‌మెరీన్‌లో ఉన్న కుర్రాళ్ళెవరూ ఒడ్డుకి రారు."

"ఎవరికిస్తాడు?"

"ఇలోనాకి."

ఇలోనా డిపార్ట్‌మెంట్ జీతం తింటూ అవతలి ముఠా జీతం కూడా తిన్న మనిషి.

బౌంటీ టోర్నమెంట్‌లో ప్రతివాడి ముందూ ఒక బిళ్ళ ఉంటుంది. ఓడినవాడు దాన్ని తనను ఓడించినవాడి చేతిలో పెట్టి లేవాలి. రాత్రింబవళ్ళు నిఘాలో ఉన్న కోవార్, ఇలోనాకు ఏదైనా ఇవ్వగలిగిన చోటు ఆ బల్ల ఒక్కటే. ఆమె చేతిలో అతను ఓడిపోవాలి. అదే వాళ్ళ ప్లాన్. ఈలోగా ప్రూయిట్ అతన్ని ఓడించాలి.

"నీది చెయ్యి తిరిగిన ఆట," అన్నాడు బోయిడ్. "పదిలో తొమ్మిది వంతులు గెలుపు మనదే."

ప్రూయిట్ భార్య లెనోర్ ఆపరేషన్‌కు ముందు సర్జన్ కూడా పదిలో తొమ్మిది అన్నాడు. ఆమె ఆ పదో మనిషి అయింది.

వేషం, నెబ్రాస్కాలో ట్రాక్టర్లు అమ్మి రిటైరైన ముసలాయన. చెవిలో వినికిడి మిషన్, అందులో బోయిడ్ గొంతు. పని అయిపోతే చెప్పాల్సిన కోడ్, "వాన పడేలా ఉంది."

ఆఖరి బల్ల దగ్గర ముగ్గురు మిగిలారు. వేరే బల్ల నుంచి వచ్చిన ఇలోనా కోవార్ ఎదుట కూర్చుంది. కోవార్ ముక్కలు చూడకుండా చిప్స్ అన్నీ ముందుకు తోశాడు.

"ఆల్-ఇన్."

ప్రూయిట్ చేతిలో రెండు ఆసులున్నాయి, అన్నిటికంటే పెద్ద జత.

"ఏం పెద్దాయనా, కునుకు పట్టిందా?" అంది ఇలోనా.

"చెవులు దెబ్బతిన్నాయమ్మా, కళ్ళు కాదు. కాల్," అంటూ ప్రూయిట్ తన చిప్స్ కూడా అన్నీ తోశాడు.

ఇలోనా ముక్కలు పడేసింది. డీలర్ చిప్స్ లెక్కపెట్టాడు. ఇద్దరివీ సమానం, ఓడినవాడు లేచిపోవాల్సిందే. కోవార్ ముక్కలు తిప్పాడు. ఏడు, రెండు. పేకలో అంతకంటే చెత్త ముక్కలు లేవు.

బల్ల మీద ఏడు పడింది. ఆఖరి ముక్క రెండు. కోవార్‌కు రెండు జతలు కుదిరి ఆసులు ఓడాయి.

ప్రూయిట్ తన బిళ్ళ కోవార్ చేతిలో పెట్టాడు. కోవార్ మొహం పాలిపోయింది.

"క్షమించండి," అన్నాడు కోవార్. నిజంగానే అన్నాడు.

ప్రూయిట్ రెయిలింగ్ అవతల నిలబడ్డాడు. బాధ కలగలేదు. ఏమీ కలగలేదు.

ఇప్పుడు కోవార్ ముందు చిప్స్ గుట్ట. అతను ఇలోనా చేతిలో వరసగా రెండుమూడు సార్లు ఓడాలి. ఆమె ఒక్కసారి ఓడితే చాలు, ఆట ముగుస్తుంది. ఊరికే ముక్కలు పారేస్తే ఫ్లోర్ మేనేజర్‌కు అనుమానం వస్తుంది. కోవార్ మళ్ళీ చూడకుండా తోశాడు. ఇలోనా దగ్గర రెండు రాణులు. నవ్వి కాల్ చేసింది.

కోవార్‌వి ఎనిమిది, మూడు. బల్ల మీద రెండు ఎనిమిదులు పడ్డాయి. మూడు ఎనిమిదుల ముందు రాణుల జత ఓడింది, ఆట ముగిసింది.

"నీకు ఓడిపోవడం కూడా చేతకాదా?" ఇలోనా గొంతు తగ్గించి అంది. వెంటనే నవ్వు మొహం పెట్టి చెయ్యి చాచింది. "జ్ఞాపకంగా మీ బిళ్ళ ఇస్తారా?"

కోవార్ ఇవ్వబోయాడు. ఫ్లోర్ మేనేజర్ చెయ్యి అడ్డొచ్చింది.

"గెలిచినవాళ్ళ బిళ్ళ కాసినోది సార్. ఎవరికీ ఇవ్వకూడదు."

బిళ్ళ సంచిలో పడింది. సంచి క్యాషియర్ కిటికీకి వెళ్ళింది. కిటికీ వెనక బోయిడ్ మనిషి ఉన్నాడు.

"వాన పడేలా ఉంది," అన్నాడు ప్రూయిట్.

వ్యాన్‌లో బోయిడ్ అతని భుజం తట్టాడు.

"కావాలనే ఓడావు కదూ? వాడి చిప్స్ పెంచి, ఓడిపోకుండా కట్టేశావ్. ఏం బుర్రయ్యా."

"నా దగ్గర ఆసులున్నాయి."

"అదే అంటున్నా. ఆసులు పట్టుకుని ఓడటం అందరివల్లా అవుతుందా? రిపోర్టులో అదే రాస్తా."

ప్రూయిట్ వినికిడి మిషన్ తీసి బోయిడ్ ఒళ్ళో పడేశాడు.

"ఏమైనా రాసుకో. ఈ సంగతి మాత్రం మళ్ళీ నా దగ్గర ఎత్తకు."

మెడల్ ఇచ్చిన రోజు పెద్దవాళ్ళు ఆ ఎత్తుగడ గురించి అడిగారు. ప్రూయిట్ చెవి చూపించి, వినపడదన్నాడు.