బాయిలర్ సారూ, మెంటర్ మేడమూ

"అర్థమైందా?" అని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా తలూపింది. మొదటి పాఠమే బ్రహ్మాండంగా చెప్పానని పొంగిపోయాను.

పిల్లలు వెళ్లిపోయాక వెనక బెంచీలోంచి ఒకావిడ లేచి వచ్చింది.

"ఎవరికి అర్థమైందండీ?"

"చూశారుగా, అందరూ తలూపారు."

"బెల్ కొట్టే టైముకి మీరేమడిగినా ఊపుతారు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇంతకీ మీరెవరు?"

"మీ మెంటర్‌ని."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పటిదాకా నేను ఫ్యాక్టరీలో బాయిలర్ ఇంజినీర్ని. టీచర్ ట్రైనింగ్ కాలేజీ మొహం ఎరగను. వేరే ఉద్యోగాలు చేసినవాళ్లు నేరుగా బడిలో చేరి, పగలు పాఠాలు చెబుతూ సాయంత్రాలు శిక్షణ తీసుకునే పద్ధతి ఒకటుంది. ఏడాది చివర మెంటర్ ఎదుట పాఠం చెప్పి మెప్పిస్తే లైసెన్సు. లేదంటే ఇంటికే.

నేనుండేది అక్కావాళ్లింట్లో. "ఫ్యాక్టరీలో ఉంటే ఈపాటికి మేనేజర్‌వి. ఇక్కడేమవుతావురా?" అంది అక్క.

"టీచర్నవుతా. తర్వాత సీనియర్ టీచర్ని. ఎప్పటికో నేనూ మెంటర్ని."

"ముందా మొదటిదవ్వవయ్యా," అన్నాడు బావ, పేపర్లోంచి తలెత్తకుండా.

మర్నాడు మేడమ్ క్లాసులో వెనక కూర్చున్నాను. గ్లాసు నిండా నీళ్లు పోసి, మీద అట్టముక్క పెట్టి, తలకిందులు చేసి, చెయ్యి తీసేసింది. నీళ్లు పడలేదు.

"ఎందుకు పడలేదు?" అని అడిగి ఊరుకుంది. అట్ట అతుక్కుందని ఒకడన్నాడు. మేడమ్ జిగురు రాశారని ఇంకొకడు దెబ్బలాడాడు. చివరికి ఒక పిల్ల, "కింద గాలుంది కదా, అది పైకి తోస్తోందేమో," అంది, తన మాటకి తనే ఆశ్చర్యపోతూ.

నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. ఇన్నేళ్లు ప్రెషర్ మీటర్ల మధ్యే బతికాను. ప్రెషర్ అంటే నాకొక అంకె, అంతే. ఆ గ్లాసు కింద దాన్ని మొదటిసారి కళ్లారా చూశాను.

"నోరు మూసుకోండి, ఈగలు దూరతాయి," అంది మేడమ్ నన్ను దాటి వెళుతూ.

ఆ రోజు నుంచి నా పాఠాలన్నీ చీల్చి చెండాడేది. సాయంత్రం బస్టాప్ దాకా నడుస్తూ ఓపిగ్గా సరిదిద్దేది. వానొస్తే ఇద్దరికీ ఒకటే గొడుగు.

"ప్రశ్న మీరే అడిగి జవాబు మీరే చెప్పేస్తే పిల్లలకేం పనండీ? కాస్త ఆగండి."

"ఫ్యాక్టరీలో అలారం మోగాక ఆగితే కొంప మునుగుతుంది మేడమ్. అయినా వానలో కూడా పాఠమేనా?"

"మీరు వానలోనే బాగా వింటారు," అని అటు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూస్తూ వచ్చిన బస్సు వదిలేశాను. ఆ తర్వాతిది కూడా.

చివరి పాఠం దగ్గరపడుతుండగా హెడ్‌మిస్ట్రెస్ పిలిచారు. "మీకు మెంటర్ మారారు. మేడమే తప్పుకుంటానన్నారు. కెమిస్ట్రీ మాస్టారు చూస్తారు."

నేను పనికిరానని తేల్చేసిందన్నమాట. కారిడార్లో ఎదురుపడితే తల దించుకుని వెళ్లిపోయింది. ఆ ఉక్రోషంలో ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. నెలాఖరులోగా వస్తే పాత ఉద్యోగం ఇస్తామన్నారు.

పరీక్ష రోజు జోరువాన. ఖాళీ డబ్బాలో కాసిని నీళ్లు మరిగించి, పట్టకారుతో ఎత్తి, చన్నీళ్లలో బోర్లించాను. డబ్బా ఢామ్మని నలిగిపోయింది. పిల్లలు బెంచీలెక్కారు.

"దీన్నెవరు నలిపారు?" అని అడిగాను. జవాబు నాలుక చివరే ఉంది. పళ్లు బిగించి ఆగాను.

ఏడాదంతా నోరు విప్పని అమ్మాయి ఒకతె లేచింది. "ఆవిరి మళ్లీ నీళ్లయిపోయింది సార్. లోపల ఖాళీ. అందుకని బయటి గాలి..." అంటూ రెండు అరచేతులూ దగ్గరికి నొక్కింది. క్లాసంతా "ఓ!" అంది.

నా కళ్లు చెమర్చాయి. ఎంతెంత ఆవిరినో అదుపులో పెట్టాను కానీ, ఒక మనిషి ముఖంలో ఒక సంగతి వెలగడం ఇంత దగ్గరగా ఎన్నడూ చూడలేదు. దీన్ని వదిలి ఇంకెక్కడికీ పోలేననిపించింది.

"లైసెన్సుకి నీ పేరు పంపిస్తున్నానయ్యా," అన్నారు కెమిస్ట్రీ మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

కిటికీ అవతల మేడమ్ నిలబడి ఉంది, జల్లుకి సగం తడిసిపోయి. ఒక్క పరుగున బయటికి వెళ్లాను.

"పాసయ్యానండీ. మీకు నా మీద నమ్మకం లేకపోయినా."

"లేదని ఎవరన్నారు?"

"మరెందుకు తప్పుకున్నారు?"

"ట్రైనీకి బంధువులైతే మెంటర్‌గా ఉండకూడదని రూలు."

"మనం బంధువులం కాదు కదండీ!"

ముఖం మీది తడి తుడుచుకుని, తిన్నగా నా కళ్లలోకి చూసింది. "ఇంకా కాలేదు," అంది.

వాన, బడి, నలిగిన డబ్బా, అన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఆదివారం మీ అక్కయ్యగారిని మా ఇంటికి తీసుకురండి. అమ్మా నాన్నా మిమ్మల్ని చూస్తామంటున్నారు."

"మా బావ కూడా వస్తాడండీ," అన్నాను. ఆ సంతోషంలో నోటికొచ్చింది అదే.