తొమ్మిదీ నలభైకి వచ్చే మెసేజ్

సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. నేను ఫోన్ తీశాను. వ్యాన్ అద్దం మీద ఎవరో టకటకా కొట్టారు.

నీలం గొడుగు కింద ఒకమ్మాయి. చేతిలో నొక్కితే అంకె మారే చిన్న మీటరు.

"నలభై ఒకటి," అంది.

"ఏమిటండీ నలభై ఒకటి?"

"గంటసేపట్లో చేతిలో ఫోన్‌తో దొరికిన డ్రైవర్లు. మీ ముందు నలభై మంది కనీసం సిగ్గుపడ్డారు."

"బండి ఆగి ఉంది కదా! ఎర్ర లైటు."

"ఎర్ర లైటు పోయి చాలాసేపైంది. వెనక హారన్లు మీకోసమే."

సరుకు కొనకుండానే నష్టపోయినవాడిలా బండి కదిలించాను. వాన చినుకుల మధ్య ఆమె నవ్వు పక్క అద్దంలో చాలా దూరం వరకు కనిపించింది.

మాది అద్దాల వ్యాపారం. కిటికీలకూ షాపుల ముందుభాగాలకూ పెద్ద పెద్ద అద్దాలు కోసి పంపుతాం. వ్యాన్లు ఐదు. నాలుగింటికి డ్రైవర్లున్నారు, ఐదోది నేనే నడుపుతాను. బిల్లులూ ఫోన్లూ మా అక్క చూసుకుంటుంది. నేనంటే అక్కకి ప్రేమే, కానీ దాన్ని తిట్ల రూపంలోనే బయటికి తీస్తుంది.

ఈ వ్యాపారంలో గట్టిగా బ్రేక్ వేస్తే చాలు, వెనక సరుకు ముక్కలు. ఆ ఏడాది పదకొండు సార్లు ఆ చప్పుడు విన్నాం. అందుకని మర్నాడు బీమా కంపెనీ మనిషి మా కొట్టుకి వచ్చింది.

గొడుగు మడుస్తూ నన్ను చూసి ఆగింది. "ఓహో. నలభై ఒకటి గారు!"

"ముందే పరిచయమా?" అక్క కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని అడిగింది.

"రోడ్డు మీద," అన్నాను.

"వీడికి రోడ్డు మీద అన్నీ కనిపిస్తాయమ్మా, రోడ్డు తప్ప."

విషయం ఇది. ఆమె మా అందరి ఫోన్లలో ఒక యాప్ పెడుతుంది. బండి రోడ్డు మీద ఉండగా, సిగ్నల్ దగ్గర ఆగినా సరే, ఫోన్ ముట్టుకుంటే అది లెక్కపెడుతుంది. ముట్టుకోకపోతే బహుమతి. ఆరు వారాల ట్రయల్. ఐదు వ్యాన్ల సగటు సగానికి దిగితే ఈ పథకం ఊరంతా పెడతారు, దాన్ని నడపడానికి ఆమె ఇక్కడే ఉంటుంది. దిగకపోతే పథకం మూసేస్తారు, ఆమె హెడ్డాఫీసుకి వెళ్లిపోవాలి. ట్రైనులో పన్నెండు గంటల దూరం.

మొదటి వారం అంకె కదల్లేదు.

"నాలుగు రోజులు ఫోన్ ముట్టుకోకపోతే శనివారం మధ్యాహ్నం సెలవు అన్నాను కదా," ఆమె దిగులుగా అంది. "ఎవరికీ పట్టలేదు."

"మేడమ్, మీకు బేరం తెలీదు," అన్నాను. "చేతికి రాని సెలవు కోసం ఎవరు ఏడుస్తారు? సోమవారమే సెలవు చీటీ చేతిలో పెట్టండి. ఫోన్ ముట్టుకున్నప్పుడల్లా అందులోంచి పావుగంట కోసేయండి. సొంతమైంది పోతుంటే మనిషికి ఎక్కడ లేని తెలివీ వస్తుంది."

ఆమె నన్ను కొత్తగా చూసింది. "ఇది మీరు ఎక్కడైనా చదివారా?"

"కొట్లో కూర్చుంటే చాలండీ, కనిపిస్తుంది."

సోమవారం నాలుగు వ్యాన్లలో స్టీరింగ్ పక్కన నాలుగు చీటీలు అతికించాం. బుధవారానికి మా పెద్ద డ్రైవరు కొట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

"బాబూ! మా ఆవిడ ఫోన్ రెండుసార్లు ఎత్తినందుకు నా అరగంట కోసేశారు! సినిమాలో సగం పోయినట్టే!"

"ఎత్తకపోతే?"

"రాత్రికి అన్నం పోయేది. అందుకే నిన్నే చెప్పేశా, ఇక బండి దిగాకే మాట్లాడతానని."

నాలుగు వ్యాన్ల అంకె జారుడుబండ మీద పిల్లాడిలా దిగింది. ఐదోది మాత్రం కూర్చున్న చోటే కూర్చుంది. ఎందుకంటే యజమానికి సెలవిచ్చేవాడెవడు? నాకు చీటీ లేదు.

"మీకేం ఆశ చూపించాలి?" ఆమె పెన్ను చివర కొరుకుతూ అడిగింది.

అడగాల్సింది నాకు తెలుసు. అడిగింది మాత్రం వేరే. "రోజూ నా మార్కులు మీరే రాసి పంపండి. పరువు కోసమైనా మారతాను."

ఆమె పంపడం మొదలుపెట్టింది. 'నిన్న పద్దెనిమిది సార్లు. అద్దాల వ్యాపారి గారు ఒకసారి అద్దంలో చూసుకోవాలి.' 'నిన్న పదిహేడు. పండగ చేసుకుందామా?' ఆ రెండు వాక్యాల కోసం నేను తెల్లారి లేవడం మొదలైంది. ఇన్నాళ్లూ ఏ సరుకు వస్తుందో, ఏది పోతుందో లెక్క తప్పని వాణ్ణి. ఆమె వెళ్లిపోతే ఎంత పోతుందో మాత్రం లెక్కకి అందలేదు.

ఐదో వారం చివర ఆమె లాప్‌టాప్ తీసుకుని విసురుగా లోపలికి వచ్చింది.

"నాలుగు వ్యాన్లు బంగారం. మీ ఒక్కరి వల్ల సగటు మునిగిపోతోంది! ఇదిగో, రోజూ తొమ్మిదీ నలభైకి మీ గీత ఆకాశానికి లేస్తుంది. ఆ టైములో మీకు ఎవరు ఫోన్ చేస్తున్నారు?"

"ఫోన్ కాదు," అన్నాను.

"మరి?"

తల దించుకున్నాను. టీ తాగుతున్న పెద్ద డ్రైవరు గ్లాసు పక్కన పెట్టాడు. "అది మీ మెసేజ్ వచ్చే టైము కదమ్మా. బాబు ఫ్లైఓవర్ మీద ఉంటాడు. వచ్చిన నాలుగు సెకన్లకి తీస్తాడు. ఆపైన ప్రతి సిగ్నల్ దగ్గరా మళ్లీ చదువుతాడు. నా బండి రిపేరులో ఉన్నప్పుడు పక్కన కూర్చుని చూశాను."

ఆమె తెర వంక చూసింది. నా వంక చూసింది. కోపం ఎటు పోవాలో తెలియక ముఖంలోనే ఎర్రగా నిలబడిపోయింది.

అక్క బిల్లుల మీంచి తలెత్తలేదు. "డ్రైవర్లకి మార్కులు సాయంత్రం ఆరింటికి కదా వస్తాయి? వీడొక్కడికే పొద్దున్న ఎందుకమ్మా?"

"వాళ్లవి యాప్ పంపుతుంది," ఆమె గొంతు తగ్గింది. "ఈయనవి నేను రాస్తాను. ఆఫీసుకి రాగానే... సాయంత్రం దాకా ఆగాలనిపించలేదు."

కొట్లో అద్దాలన్నిట్లోనూ నా నవ్వే కనిపించింది.

"నా తప్పే," ఆమె లేచింది. "మీ వ్యాన్‌ని లెక్కలోంచి తీసేస్తాను. కారణం రిపోర్టులో రాస్తాను."

"తీసేయకండి. పగిలిన సరుకు దాచి అమ్మేవాణ్ణి కాను. ఇంకో వారం ఉంది. నేనేం చేస్తే సగటు సగానికి వస్తుంది?"

ఆమె లెక్కవేసింది. "ఆరు రోజులూ సున్నా. ఒక్కసారి ముట్టుకున్నా చాలదు. మెసేజ్‌లు ఆపేస్తాను."

"వద్దు. అదే టైముకి పంపండి. మెసేజ్ రాకుండా ముట్టుకోకపోవడం గొప్పేముంది?"

ఆ వారం నేను పడ్డ బాధ నాకు తెలుసు. తొమ్మిదీ నలభై. పక్క సీట్లో ఫోన్ గుర్రుమంటుంది. నా చెయ్యి స్టీరింగ్‌కి అతుక్కుపోతుంది. సరుకు దించేదాకా, పదకొండు దాటేదాకా, అందులో ఏముందో తెలీదు. సోమవారం సున్నా. మంగళవారం సున్నా. శుక్రవారం దాకా సున్నాలే.

శనివారం వాన దంచుతోంది. మెసేజ్ వచ్చింది. చూడలేదు. ఒక హోటల్లో ఎనిమిది అద్దాలు చెక్కుచెదరకుండా దించి, వ్యాన్ ఆపి, అప్పుడు తెరిచాను.

'ఇవాళ మీ పక్క సీటు ఖాళీయేనా? ఫ్లైఓవర్ దిగగానే బస్ స్టాపులో నిలబడి ఉంటాను. ఆపండి.'

టైము పదకొండున్నర. నేను ఆ స్టాపు దాటి దాదాపు రెండు గంటలు అయింది.

వ్యాన్ తిప్పాను. ఆమె ఇంకా అక్కడే ఉంది. గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోయింది, చీర అంచు తడిసింది. ఎక్కి తలుపు వేసుకుంది.

"సారీ అండీ! నేను చూడలేదు. నిజంగా చూడలేదు!"

"తెలుసు. పంపిన మరుక్షణం గుర్తొచ్చింది, మీరు చదివితే నా ట్రయల్ పోతుందని. ఫోన్ చేద్దామంటే అదీ తప్పే. ఇక్కడ నిలబడి దేవుడికి దండం పెట్టుకున్నాను, ఈయన ఆగకూడదు, ఈయన ఆగకూడదు అని."

"దాటి వెళ్లిపోయాను..."

"అవును. రోడ్డు వంకే చూస్తూ. నన్ను దాటిపోయినందుకు ఒక మనిషి మీద ఇంత ప్రేమ పుడుతుందనుకోలేదు."

వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి.

"ఇక్కడే ఉంటారుగా?" చివరికి అడిగాను.

"పన్నెండింటికే ట్రయల్ అయిపోయింది, సగటు సగానికి దిగింది. ఉద్యోగం ఇక్కడే. మిగతాది మీరు అడగాలి."

"మరి... నాతో?"

"అడగడానికి ఆరు వారాలా? బేరం తెలుసన్నారు!"

బండి కదిలించాను. ఫ్లైఓవర్ ఎక్కుతుండగా సీటు మీద ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు. నా చెయ్యి స్టీరింగ్ మీంచి కదల్లేదు.

ఆమె ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టింది. "ఆయన డ్రైవింగ్‌లో ఉన్నారండీ."

"వాడి ఫోన్ ఎత్తడానికి నువ్వెవరమ్మా?" అక్క గొంతులో నవ్వు దాగలేదు.

ఆమె నా వంక చూసింది. నేను రోడ్డు వంకే చూస్తూ తలూపాను.

"ఇకమీదట ఆయన బండిలో ఉన్నప్పుడల్లా ఎత్తేదాన్ని వదినా," అంది.