గీత పడని పుస్తకం

అవార్డు వచ్చిన రోజే పరుశురాంకు సుమన మీద కోపం కూడా వచ్చింది.

మగ్గాల బస్తీ గోడాదరాలో ఒంటి గదిలో నడిచే అతని ప్రచురణ సంస్థ చిన్నదే. అంతకుముందు మూడు పుస్తకాలు వేసింది, మూడూ మగ్గాల మీద పనిచేసేవాళ్లు రాసినవి. నాలుగోది అతని సొంత కవితలు. వరంగల్‌లో ఒక సాహితీ సంస్థ దానికి అవార్డు ప్రకటించింది. ఓ వారపత్రిక అరపేజీ సమీక్ష రాసి మెచ్చుకుంది.

అయినా అతను ఎదురుచూసింది సుమన మాట కోసం. ఆమె బాగుందంటే మనసులో మాట చెప్పేద్దామనుకున్నాడు.

పక్క బస్తీ లింబాయత్‌లో బట్ట చెకింగ్ చేసే ఆ పిల్లకు తప్పు కనపడకుండా పోదు. బల్ల మీద బట్ట తాను పరిచి, పోగు తెగిన చోటల్లా చాక్‌పీసుతో సున్నా చుడుతుంది. పుస్తకాలూ అలాగే చదువుతుంది, పెన్సిల్‌తో. ముందటి మూడూ ఆ సున్నాలతోనే బాగుపడ్డాయి. పరుశురాం తన కవితలు మాత్రం సిగ్గుపడి అచ్చయ్యాకే ఇచ్చాడు. పది రోజులకు తిరిగొచ్చిన కాపీలో ఒక్క సున్నా లేదు.

వాన పడుతోంది. ఇద్దరూ షేర్ ఆటో కోసం ఒక దుకాణం చూరు కింద నిలబడ్డారు.

"సదవలేదని చెప్తే అయిపోవు గదా," అన్నాడు.

"సదవలేదని ఎవలు చెప్పిన్రు?"

"ఒక్క గీత లేదు. పేజీలు గూడ నలగలే."

"నలిపితెనే సదివినట్టా? అవార్డొచ్చినంక కొత్త రూలా?"

పరుశురాం ముఖం తిప్పుకున్నాడు. సుమనకు జాలేసింది.

"తడిసిన తాను మోసే ముసలాయన మీద రాసిన కవిత మా నాయినకు సదివి వినిపిచ్చిన. కార్ఖానల మిషిన్లు బంద్ జేసి ఇన్నడు. మల్లొకసారి సదువుమన్నడు."

వాళ్ల నాయిన కనకయ్య మిషిన్లు ఆపాడా? జ్వరమొచ్చినా ఆపని మనిషి. పరుశురాంకు కళ్లు చెమ్మగిల్లాయి.

"మరి గీతలు?"

"తప్పున్న కాడనే గద నేను సున్నా జుట్టేది. మంచి తానుకు ఎవలన్న గీత వెడ్తరా? మగ్గాల నడుమ పుట్టినోనివి, గిది తెల్వదా?"

తెలుసు. అవార్డు సంబరంలో మరిచిపోయాడు.

"జర ఆగు. ఒక్క తప్పున్నది. ముఖం మీదనే చూపియ్యాలని ఊకున్న."

అతని చేతిలోని కాపీ తీసుకుని మొదటి పేజీ తెరిచింది. ‘నా స్నేహితురాలు సుమనకు’ అని అంకితం. పెన్సిల్ తీసి ‘స్నేహితురాలు’ చుట్టూ నిదానంగా సున్నా చుట్టింది.

పరుశురాం ఆ సున్నా మీదికి వంగి చూశాడు. "మరేం రాయాలె?"

"నన్నడుగుతే ఏం లాభం? ఆదివారం ఇంటికొచ్చి మా నాయినను అడుగు," అంటూ వచ్చి ఆగిన ఆటో ఎక్కింది సుమన. "నువ్వు చెప్తే గూడ మిషిన్లు బంద్ జేసి ఇంటడు."